పురుషుల వార్డు, మహిళా విభాగం

రాజధాని నుంచి మా హృదయ శస్త్రచికిత్సా సంస్థకు వచ్చిన ఉత్తరంలో మర్యాదకు లోటేమీ లేదు. గుండె వైఫల్యానికి మేము చేస్తున్న ఆపరేషన్ల తర్వాత మగవాళ్లు కోలుకుంటున్నంతగా ఆడవాళ్లు కోలుకోవడం లేదనీ, ఆడవాళ్లలో చావులు కూడా ఎక్కువగా ఉన్నాయనీ, ఈ లింగ వ్యత్యాసాన్ని ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా నివారించి, నివారించినట్టు తెలియజేయగలరనీ రాశారు. చివర్న "అత్యంత జరూరు" అని ఎర్ర ముద్ర వేశారు.

మా డైరెక్టరు డాక్టర్ వల్లభరాయుడుగారు ఒకప్పుడు పేరున్న సర్జనే. కుర్చీలో కూర్చున్న దగ్గర్నుంచి ఆయన కత్తెర పట్టేది రిబ్బన్లు కత్తిరించడానికి మాత్రమే. ఉత్తరం చదివి అత్యవసర సమావేశం పెట్టించారు. ప్రజా సంబంధాల అధికారిని కాబట్టి నేను కూడా ఒక మూల కూర్చున్నాను. జీడిపప్పు పకోడీ వచ్చాక చర్చ మొదలైంది.

సర్జన్ డాక్టర్ హేమనళినిగారు ముందుగా మాట్లాడారు. మా సంస్థలో గుండె కోసి కుట్టే చేతుల్లో అందరూ నమ్మే చేతులు ఆవిడవి.

"ఆడవాళ్లు మన దగ్గరికి ఆలస్యంగా రావడం లేదండి. వచ్చినవాళ్లని మనమే ఆలస్యం చేస్తున్నాం. ఆయాసమని వచ్చిన మగాడికి ఆ పూటే గుండె స్కాన్ తీయిస్తున్నాం. ఆడమనిషి అదే మాట చెబితే గ్యాస్ అంటున్నాం, టెన్షన్ అంటున్నాం, వయసు అంటున్నాం. ఆ మందులన్నీ మింగి, కాళ్లు వాచి, పడుకుంటే ఊపిరాడని స్థితిలో నా టేబుల్ మీదికి వస్తున్నారు. అప్పటికి ఆ గుండెలో ఏం మిగులుతుంది? బతికి బయటపడ్డావిడ ఇంటికెళ్లిన మర్నాడే బిందె ఎత్తుతోంది."

డైరెక్టరుగారు శ్రద్ధగా విన్నారు. "డాక్టరుగారూ, మీరు చెప్పినవన్నీ కారణాలు. ఉత్తరంలో కారణాలు అడగలేదు. నివారణ అడిగారు."

"వాళ్లు చెప్పేది వినడమే నివారణండి."

"వినడం అనే పద్దు బడ్జెట్లో లేదు," అన్నారు గణాంకాల విభాగాధిపతి వామనమూర్తిగారు. మితభాషి. ఆయన నోరు తెరిచారంటే ఏదో ఒక సమస్య మూతపడుతుందని పేరు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ అన్నారు:

"తేడా అంటూ ఉండాలంటే రెండు ఉండాలి కదండీ. ఒకటే ఉంటే తేడా ఎక్కడిది?"

గదిలో పకోడీ నమిలే చప్పుడు ఆగిపోయింది.

"ఇకమీదట గుండె వైఫల్యంతో వచ్చే స్త్రీలను పరిపాలనా ప్రయోజనాల నిమిత్తం పురుషులుగా నమోదు చేద్దాం. వాళ్లకి వేషం మారదు, వైద్యం మారదు. కంప్యూటర్లో గడి ఒక్కటే మారుతుంది. స్త్రీల గడిలో చావులుండవు."

"స్త్రీలే ఉండరు కదా!" అన్నారు హేమనళినిగారు.

"అదే కదండీ శాశ్వత పరిష్కారమంటే," అన్నారు వామనమూర్తిగారు వినయంగా.

హేమనళినిగారు లేచి నిలబడి, ఇది వైద్యశాలా లేక ఇంకేదైనానా అని అడిగారు. డైరెక్టరుగారు ఆవిడ అసమ్మతిని గౌరవపూర్వకంగా నమోదు చేసుకుంటున్నామని చెప్పి, తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందినట్టు ప్రకటించారు.

ఆ వారమే నామ సవరణ ఉపసంఘం ఏర్పడింది. మగ గడిలో ఆడ పేరుంటే కంప్యూటరు ఒప్పుకోదు మరి. ఉపసంఘం కష్టపడి పనిచేసింది. లక్ష్మి లక్ష్మయ్య అయింది. సుశీల సుశీలరావు అయింది. మేరీ మేరీదాసు అయింది. హుస్సేన్‌బీ విషయంలో చివరి అక్షరం తీసేస్తే సరిపోయింది. సభ్యులు ఆ పూట తొందరగా ఇళ్లకు వెళ్లారు.

తర్వాత పడకల సమస్య వచ్చింది. పురుషులుగా నమోదైనవాళ్లను నిబంధన ప్రకారం పురుషుల వార్డులోనే ఉంచాలి. నిజంగా అక్కడే ఉంచితే బంధువులు కొడతారు. కాబట్టి పాత మహిళా వార్డుకే "పురుషుల వార్డు (మహిళా విభాగం)" అని బోర్డు పెట్టాం. దాన్ని దగ్గరుండి రాయించింది నేనే. పెయింటరు రెండుసార్లు చదివించుకుని, డబ్బులు ముందే ఇమ్మన్నాడు.

కొప్పిశెట్టి సత్యవేణి మా సంస్థలోకి అడుగుపెట్టింది ఆ ఉత్తర్వు అమల్లోకి వచ్చిన రోజునే. అడుగుపెట్టడం ఆమెకు కొత్తేమీ కాదు. కడియం పక్కన మొక్కల నర్సరీ వాళ్లది. మామిడి, సపోటా అంట్లు కట్టడంలో మంచి చేయి. మొగుడు గంగరాజు వ్యాను మీద మొక్కలు ఊరూరా దింపి వస్తాడు. వరసకు బావే కాబట్టి పెళ్లయ్యాక కూడా ఆమెకతను "బావ"గానే మిగిలాడు. కిందటేడు వానాకాలం నుంచి ఆమెకు ఆయాసం. మొదట మట్టి కుండీలు ఎత్తినప్పుడే వచ్చేది. తర్వాత నీళ్లు పట్టినప్పుడు, ఆ తర్వాత జడ వేసుకున్నా వచ్చేది. వచ్చినప్పుడల్లా మా ఓపీలో డాక్టర్ ప్రణీత్ గ్యాస్ బిళ్లలు రాసిచ్చేవాడు. ఒకసారి ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని అడిగాడు. ఇంకోసారి ధ్యానం చెయ్యమన్నాడు. ఆమె నిజంగానే పొద్దున్నే కరివేపాకు మొక్కల మధ్య కూర్చుని కళ్లు మూసుకునేది. ఆయాసం కూడా పక్కనే కూర్చునేది.

ప్రణీత్ చెడ్డవాడు కాదు. తలెత్తి చూస్తే వరస ఆగిపోతుందని భయం. అందుకని తెర మీద ఏముంటే దానికే వైద్యం చేసేవాడు.

ఆ రోజు కౌంటరులో గుమస్తా ఆమె పేరు కొట్టాడు. సత్యవేణి సత్యవేణు అయింది. చీటీ చూసుకుని ఆమె అంది, "బాబూ, గుడికి బదులు కొమ్ము పడిందండి."

"పై నుంచి వచ్చిన కొమ్మమ్మా. నేను తీయకూడదు," అన్నాడు గుమస్తా.

ప్రణీత్ ఎప్పట్లాగే తెరలోకి చూస్తూ "చెప్పండి" అన్నాడు.

"ఆయాసమండి. పడుకుంటే ఊపిరి ఆడటం లేదండి. నాలుగు దిళ్లు పెట్టుకుని కూచునే నిద్దరోతున్నానండి."

తెర మీద ఉన్నది: సత్యవేణు, పురుషుడు, నలభై ఏడేళ్లు. ప్రణీత్ ఒక్క ఉదుటున లేచాడు. "ఎప్పట్నుంచి? ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు? గుండెని ఇంత నిర్లక్ష్యం చేస్తారా ఎవరైనా? సిస్టర్! చక్రాల కుర్చీ! ఈసీజీ! వెంటనే స్కాన్‌కి పంపండి!"

సత్యవేణి బిత్తరపోయింది. "పోయిన నెల కూడా ఇదే చెప్పేనండి..."

"సిగరెట్లు ఎన్ని తాగుతారు?"

"తాగనండి."

"మందు?"

"మీరు రాసిన గ్యాస్ మందేనండి."

సాయంత్రానికల్లా సంగతి తేలింది. గుండెలో ఎడమవైపు కవాటం చిన్నప్పటి జ్వరం తాలూకు దెబ్బకు పాడైపోయి, రక్తం వెనక్కి తన్నుతోంది. గుండె ఉబ్బింది గానీ ఇంకా చెయ్యి దాటిపోలేదు. హేమనళినిగారు స్కాను చూసి, "ఇంకో రెండు నెలలు ఆగుంటే నేను చేసేదేమీ ఉండేది కాదమ్మా. మంచి సమయానికి పట్టుకున్నారు. ఎవరు పంపారు నిన్ను?" అని అడిగారు.

"ఓపీలో డాక్టరుబాబండి. నన్ను మగాడనుకున్నాడండి."

హేమనళినిగారు ఆమె చేయి వదలకుండానే ఆపరేషన్‌కి తేదీ రాశారట.

ఆ రాత్రి వార్డులో గంగరాజుతో సత్యవేణి అన్నమాట ఆ తర్వాత అందరికీ తెలిసింది. "బావా, ఏడాది పాటు ఆడదాన్నై తిరిగితే ఒక్కడూ తలెత్తలేదు. ఒక్క పూట మగాణ్ణయ్యేసరికి ఎంతమంది పరిగెట్టేరో చూసేవా! నవ్వొచ్చింది గానీ, ఏడుపూ వచ్చింది."

ఆపరేషన్ బాగా జరిగింది. పాడైన కవాటం తీసి కొత్తది వేశారు. మర్నాడు కళ్లు తెరిచి ఆమె మొదట అడిగింది అంట్లకి నీళ్లు పెట్టారా అని.

చిక్కు ఇంకోచోట వచ్చింది. ఆపరేషన్ అయిన పురుష రోగికి సహాయకురాలిగా భార్య ఉండాలని మా నిబంధన. ఆ గడిలో "భార్య" అన్న మాట తప్ప వేరే మాట పట్టదు. భర్త అని కొడితే ఎర్ర గీత వచ్చి కీచుమంటుంది. ఉపసంఘం మళ్లీ కూర్చుంది. గంగరాజు మెడలో వేలాడదీసిన బిళ్ల మీద "గంగారాణి, స్త్రీ, రోగి భార్య" అని పడింది. అతనికి కోరమీసం ఉంది. బిళ్ల చూసుకుని కాసేపు మీసం నిమురుకుని, "మా ఆవిడ దగ్గర ఉండనిస్తారా లేదా? ఉండనిస్తే చాలండి, ఏమన్నా రాసుకోండి," అన్నాడు.

భార్యలకిచ్చే శిక్షణ అతనికీ ఇచ్చారు. సిస్టర్ తరగతి చెబుతుంటే పదిమంది ఆడవాళ్ల మధ్య చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రోగికి కోపం తెప్పించకూడదు. ఇంటి సమస్యలు చెప్పకూడదు. బరువు ఎత్తనివ్వకూడదు. ఉప్పు తగ్గించి వండాలి, తను మిగిలింది తినాలి.

"మిగిలింది ఎందుకండీ?" అని అడిగాడు గంగరాజు.

ఆ ప్రశ్న అంతకుముందు తరగతిలో ఎవరూ అడగలేదని సిస్టర్ నాతో చెప్పింది.

గంగరాజు నేర్చుకున్నాడు. జొన్నజావ మొదటిరోజు ఉండలు కట్టింది, తర్వాత కట్టలేదు. పొద్దున్నే నర్సరీకి పోయి మొక్కలకి నీళ్లు పట్టి, వ్యాను తోలి, వంట చేసి, క్యారేజీ పట్టుకుని వచ్చి, ఆమె బట్టలుతికి, కుర్చీలో కూర్చునే కునుకు తీసేవాడు. "ఏవే వేణీ, నువ్వు ఇయ్యన్నీ ఎలా చేసేదానివే?" అని ఒకనాడు అడిగాడు.

"కూచోకుండా," అంది సత్యవేణి.

ఈలోగా సంస్థకు కీర్తి పెరిగింది. వామనమూర్తిగారి పట్టికలో స్త్రీల మరణాలు సున్నా. అసలు విచిత్రం మగ గడిలో జరిగింది. అక్కడ కూడా కోలుకునేవాళ్లు పెరిగారు. మగవాళ్లుగా నమోదైన ఆడవాళ్లకి వచ్చిన పూటే స్కాన్లు తీస్తున్నారు మరి. డైరెక్టరుగారు "మా ప్రాంతంలో స్త్రీలకు గుండె వైఫల్యం నిర్మూలన" అని పత్రికా ప్రకటన రాయమన్నారు. రాశాను. రాజధాని నుంచి అభినందన వచ్చింది. ప్రత్యేక కార్యదర్శిగారు స్వయంగా వచ్చి చూస్తారని కబురు కూడా వచ్చింది.

కార్యదర్శిగారు వస్తామన్న రోజుకి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం భోజనాలవేళ, గంగరాజుకి క్యారేజీ పట్టుకుని మెట్లెక్కుతుండగా ఛాతీ మీద ఎవరో మట్టి బస్తా పెట్టినట్టయింది. ఎడమచెయ్యి లాగేసింది. చొక్కా తడిసిపోయింది. క్యారేజీ మెట్టు మీద పెట్టి, గోడ పట్టుకుంటూ కిందికి దిగి అత్యవసర విభాగానికి వెళ్లాడు. అక్కడ ఆ పూట ప్రణీతే ఉన్నాడు. మెడలో బిళ్లను యంత్రం చదివింది. తెర మీద పడింది: గంగారాణి, స్త్రీ, యాభై రెండేళ్లు, రోగి భార్య.

"చెప్పమ్మా."

"గుండెల్లో బరువుగా ఉందండి. చెయ్యి లాగుతోందండి. ఒకటే చెమటలండి."

ప్రణీత్ గొంతు ఎంతో మృదువుగా మారింది. "భర్తకి పెద్ద ఆపరేషన్ అయింది కదా. ఆందోళన సహజం. ఈ వయసులో ఒంట్లో మార్పులొస్తాయి, వేడి ఆవిర్లు, చెమటలు... భయపడకూడదు."

"నేను మగోణ్ణండి బాబూ!"

"అప్పుడప్పుడు అలా కూడా అనిపిస్తుందమ్మా," అన్నాడు ప్రణీత్, గ్యాస్ బిళ్లలు కొడుతూ. "ధ్యానం చేసుకోండి. నెక్స్ట్!"

గంగరాజు బిళ్లలు పట్టుకుని ఎలాగో పైకి వచ్చి, సత్యవేణి మంచం పక్కన కుర్చీలో కూలబడ్డాడు. మొహం బూడిదలా ఉంది.

"ఏవైంది బావా?"

"ఏం లేదే. గ్యాసంట."

ఆ ఒక్క మాటకి సత్యవేణి మంచం దిగింది. ఏడాది పాటు ఆ మాట తిని బతికిన మనిషి. అతని నుదురు ముట్టుకుంది, చెమట చల్లగా తగిలింది. పక్క మంచాల వాళ్ల సాయంతో అతన్ని తన మంచం మీద పడుకోబెట్టింది. మెడలో బిళ్ల తీసి తన చేతిలో దాచింది. మంచం తల దగ్గర ఉన్న ఎర్ర మీట నొక్కింది. నొక్కి పట్టుకునే ఉంది.

క్షణాల్లో సైన్యం దిగింది. సిస్టర్లు, బండి, యంత్రాలు, వాటి వెనక ప్రణీత్. మంచానికి వేలాడుతున్న అట్ట చూశాడు: సత్యవేణు, పురుషుడు, గుండె ఆపరేషన్ అయిన రోగి.

"పురుష రోగి! ఛాతీ నొప్పి! తప్పుకోండి, తప్పుకోండి!" చొక్కా విప్పి ఈసీజీ తీగలు అంటిస్తూ ఒక్క నిమిషం ఆగాడు. "కుట్లేవీ?"

"మానిపోయేయండి," అంది సత్యవేణి పక్కన నిలబడి.

"ఇంత చక్కగా మానిన గాయం నేనెప్పుడూ చూడలేదు," అన్నాడు ప్రణీత్ మెచ్చుకోలుగా. అప్పటికి ఈసీజీ కాగితం బయటికొచ్చింది. అతని మొహం మారిపోయింది. "గుండెపోటు! పెద్దది!"

కబురందుకుని హేమనళినిగారు పరిగెత్తుకొచ్చారు. మంచం మీది మనిషిని చూశారు.

"ఎవరితను?"

"మీ పేషెంటే మేడం. సత్యవేణు."

"నిన్న రౌండ్స్‌లో ఇతనికి మీసం లేదే!"

ప్రణీత్ అప్పుడు తలెత్తాడు. మంచం మీది మొహం చూశాడు, పక్కన నిలబడ్డ సత్యవేణి మొహం చూశాడు. ఆ రెండు మొహాలనూ అతను అంతకుముందు చాలాసార్లు చూసి ఉండాల్సింది.

"తర్వాత మాట్లాడుకుందాం. ముందు ల్యాబుకి పదండి," అన్నారు హేమనళినిగారు.

మూసుకుపోయిన నాళం తెరిచి స్టెంట్ వేశారు. తలుపు బయట సత్యవేణి కుట్లు కదలకుండా ఛాతీ మీద దిండు అదిమి పట్టుకుని నిలబడే ఉంది. కూర్చోమంటే వినలేదు. లోపల్నుంచి బతికాడన్న మాట వచ్చాక అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. "బిళ్లలేసుకుని కుర్చీలోనే ఉండిపోతే ఏవయ్యేదండి?" అని ఎవరూ అడక్కుండానే నన్ను అడిగింది. నా దగ్గర పత్రికా ప్రకటనేదీ సిద్ధంగా లేదు.

మర్నాడు వామనమూర్తిగారు దాదాపు ఏడ్చారు. రికార్డుల ప్రకారం సత్యవేణు అనే ఒకే వ్యక్తికి కవాటం మార్చి, ఆ తర్వాత కోత గుర్తే లేని ఛాతీలో స్టెంట్ వేశారు. అదే సమయంలో గంగారాణి అనే స్త్రీ గ్యాస్ బిళ్లలతో సంపూర్ణంగా కోలుకుంది. కార్యదర్శిగారు వచ్చి ఏ కాగితం లాగినా పరువు పోతుంది. డైరెక్టరుగారు ఉత్తర్వు వెనక్కి తీసుకోవాలని నిర్ణయించి, నన్ను వెంటబెట్టుకుని పురుషుల వార్డు మహిళా విభాగానికి వచ్చారు.

"సోదరీమణులారా," అన్నారు గొంతు సవరించుకుని, "సాంకేతిక కారణాల వల్ల మిమ్మల్ని తాత్కాలికంగా పురుషులుగా పరిగణించడమైనది. అట్టి అసౌకర్యానికి చింతిస్తూ, రేపు ఉదయం నుంచి మిమ్మల్నందరినీ యథాపూర్వం స్త్రీలుగా పునరుద్ధరించడమవుతుంది."

ఒక్కరూ సంతోషించలేదు. కిటికీ పక్క మంచం మీది పెద్దావిడ, మేరీదాసుగా నమోదైనావిడ, లేచి కూర్చుంది.

"బాబుగారూ, ఎల్లుండి నాకు ఆపరేషనండి. అదయ్యేదాకా నన్నిలాగే ఉంచండి. ఆనక మీ ఇష్టం."

"మమ్మల్నీ ఉంచండి," అన్నారు ఇద్దరు ముగ్గురు ఒకేసారి.

"అమ్మా, ఇది ప్రకృతి విరుద్ధం కదా!" అన్నారు డైరెక్టరుగారు.

సత్యవేణి నెమ్మదిగా నిలబడింది. గొంతు పెంచలేదు. "మాకు మగాళ్లమవ్వాలని సరదా ఏవీ లేదండి. ఆడాళ్లుగా చెప్పినప్పుడు మీరు వినలేదండి. మగాళ్లుగా చెబితే విన్నారండి. మా ఆయన్ని ఒక్క పూట ఆడదాన్ని చేస్తే చచ్చిపోబోయేడండి. ఇయ్యన్నీ చూసేక మళ్లీ ఆడాళ్లవ్వమంటే ఏ ధైర్యంతో అవ్వమంటారండి?"

డైరెక్టరుగారు ఈ అంశాన్ని పరిశీలనకు తీసుకుంటామని చెప్పి బయటికొచ్చారు. నడవాలో గోడకానుకుని, "ఆవిడ చెప్పింది మినిట్స్‌లో రాయక్కర్లేదు కదా?" అని నన్నడిగారు.

పరిశీలన పూర్తికాకముందే ప్రత్యేక కార్యదర్శి కామేశ్వరిగారు వచ్చేశారు, చెప్పిన రోజుకన్నా ఒక రోజు ముందు. పొడుగ్గా, నేత చీరలో, మాట తక్కువ మనిషి. పూలదండ పక్కన పెట్టించి నేరుగా వార్డు చూస్తానన్నారు. లిఫ్టులో డైరెక్టరుగారి బలగమంతా ఎక్కేసేసరికి ఆవిడ మెట్ల మీదుగా వచ్చారు. గుమ్మం దగ్గర బోర్డు చదువుతున్నట్టు కాసేపు ఆగారు. ఆ బోర్డు చదవడానికి ఎవరికైనా ఆ మాత్రం సమయం పడుతుందని నేను అనుకున్నాను.

"ఇక్కడ మహిళా రోగులు ఎవరు?" అని అడిగారు లోపలికొచ్చి.

చీరల మీద దుప్పట్లు గబగబా గడ్డాల దాకా లేచాయి. ఒక్క చెయ్యి కూడా పైకి రాలేదు.

"ఒక్కరూ లేరా?"

వెనకనుంచి చక్రాల కుర్చీ చప్పుడైంది. సత్యవేణిని చూడ్డానికి గంగరాజును అప్పుడే తీసుకొస్తున్నారు. మీసం ఒకసారి సవరించుకుని అతను చెయ్యెత్తాడు.

"నేనొక్కణ్ణేనండి. ఆయ్."

కామేశ్వరిగారు అతన్ని చూశారు. మెడలో మళ్లీ వేసిన గంగారాణి బిళ్లనూ చూశారు. "మీకు వైద్యం ఎలా అందింది?"

"గ్యాసన్నారండి. ధ్యానం చేసుకోమన్నారండి."

"మరి ఈ చక్రాల కుర్చీ?"

"స్టెంటండి. అది మా ఆవిడకి వేసేరండి, నా ఒంట్లో. ఆవిడ మగాడండి."

"మేడం, ఇది పరిపాలనాపరంగా..." అని డైరెక్టరుగారు మొదలుపెట్టబోయారు. కామేశ్వరిగారు చెయ్యెత్తి ఆపి, స్టూలు లాక్కుని సత్యవేణి మంచం పక్కన కూర్చున్నారు. "మీరు చెప్పండమ్మా. మొదట్నుంచి."

సత్యవేణి చెప్పింది. అంట్లు, కుండీలు, నాలుగు దిళ్లు, చీటీలో పడ్డ కొమ్ము, పరిగెత్తుకొచ్చిన కుర్చీ, మొగుడి నుదుటి మీద చల్లటి చెమట, అన్నీ. కామేశ్వరిగారు మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు. అయ్యాక హేమనళినిగారి వైపు తిరిగి, "మీరేమంటారు?" అన్నారు.

"మొదటి మీటింగ్‌లో అన్నదేనండి. వినాలి. తొందరగా వింటే ఆడవాళ్లూ బతుకుతారు. మనం చేసిన తమాషా వల్ల తేలింది అదొక్కటే."

కామేశ్వరిగారు అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి నాతో రాయించారు. రేపటి నుంచి అందరి పేర్లూ వాళ్ల పేర్లలాగే ఉండాలి. రోగి చెప్పడం పూర్తయ్యేదాకా డాక్టరు ముందున్న తెర వెలగకూడదు. ఆయాసమని ఎవరు చెప్పినా ఆ పూటే స్కాన్ తీయాలి.

"మరి వ్యత్యాసం గురించి ఏమని నివేదించాలండి?" అన్నారు వామనమూర్తిగారు దీనంగా.

"ఉందని రాయండి."

ఆయన ఉద్యోగ జీవితంలో అలాంటి వాక్యం ఎప్పుడూ రాసినట్టు లేరు. ఎలా మొదలుపెట్టాలని నన్ను అడిగారు.

గంగరాజు అప్పటికే బిళ్ల మెడలోంచి తీసేసి మంచం కింద పడేశాడు. సత్యవేణి అతని కుర్చీ తనవైపు తిప్పించుకుని, వ్యాను తోలడానికి మేనల్లుణ్ణి పిలుద్దామా, కుండీలెత్తడానికి మనిషిని పెట్టుకుందామా అని లెక్కలు వేస్తోంది. ఇద్దర్లో ఎవరూ బరువెత్తకూడదు. వంటెవరిదన్న దగ్గర కాసేపు వాదన నడిచింది. గంగరాజే గెలిచినట్టున్నాడు, జావ సంగతి తనకి వదిలెయ్యమంటున్నాడు.

కామేశ్వరిగారిని సాగనంపడానికి నేను వెంట వెళ్లాను. కిందికి దిగాక కారు దగ్గరికి పోకుండా ఓపీ కౌంటరు ముందు ఆగారు. అటూ ఇటూ చూశారు. డైరెక్టరుగారు ఇంకా పైనే ఉన్నారు.

"ఏమండీ," అన్నారు నాతో, గొంతు తగ్గించి. "నాలుగు నెలలుగా నాకు మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తోంది. మా ఊళ్లో పెద్ద ఆస్పత్రిలో రెండుసార్లు చూపించాను. పని ఒత్తిడన్నారు. సెలవు పెట్టి ఎక్కడికైనా వెళ్లి రమ్మన్నారు. ఎలాగూ వచ్చాను కాబట్టి..."

"తప్పకుండానండి," అన్నాను.

గుమస్తా కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. "పేరు చెప్పండమ్మా."

ఆవిడ నా చేతిలో ఉన్న ఉత్తర్వు వైపు చూశారు.

"ఇది రేపట్నుంచి కదా అమలు?"

"అవునండి. రేపు ఉదయం నుంచి."

"అయితే ఈ పూటకి," అన్నారు కామేశ్వరిగారు గుమస్తా వైపు వంగి, "కామేశ్వరరావు అని రాయండి."